నిఖిల ఫోనులో మల్లి

తాండూరు గంజ్‌లో కందుల వ్యాపారం చేసే రామచందర్ ఆ పొద్దున ఒక్క పనే పెట్టుకున్నాడు. కూతురు నిఖిల ఫోనుకు వచ్చే వాట్సాప్ మాటలన్నీ తన ఫోనులో కూడా కనిపించేలా చేసుకోవాలి. భార్య బిందు మర్పల్లిలో చెల్లెలి ఇంటికి పోయి ఉంది. ఆమె ఇంట్లో ఉంటే ఈ పని సాగదు. అందుకే ఆమె తిరిగి వచ్చేలోగా కానిచ్చేయాలనుకున్నాడు.

ఆ ఆలోచన అతని సొంతం కాదు. ముందురోజు పక్క దుకాణం హన్మయ్య చాయ్ తాగుతూ, "ఆడపిల్లల చేతుల ఫోన్లు పెట్టి మనం గీడ కందులు తూచుకుంట కూసున్నం" అని ఊరకే అన్నాడు. హన్మయ్య ఏదైనా ఊరకే అంటాడు. విన్నవాళ్లకే తిన్నది అరగదు.

రామచందర్ ఇంట్లో పిల్లలిద్దరికీ ఫోన్లున్నాయి. ఇంటర్ చదివే రూపేష్‌కు వేరే గది ఉంది, నెట్ డబ్బా ఆ గది గోడకే ఉంది, తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. లోపలినుంచి తుపాకుల మోతా, "అరేయ్, ఎన్కకెల్లి వస్తుండు, కొట్టు!" అన్న కేకలూ వినపడుతుంటే, పిల్లాడు పెద్ద పరీక్షలకు తయారవుతున్నాడని ఇంట్లో అందరూ మెల్లగా నడిచేవారు. నిఖిల వికారాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం. రోజూ రైల్లో పోయి వస్తుంది. ఇంటికి రాగానే ఆమె ఫోను హాల్లో, నాయనమ్మ సత్యమ్మ మంచం పక్కనున్న అలమారలో పెట్టాలి. చదువుకోవాలన్నా, స్నేహితులతో మాట్లాడాలన్నా ఆ మంచం ఎదురుగానే. ఎందుకు చూస్తున్నావని నిఖిలను అందరూ అడుగుతారు. రూపేష్‌ను అడగాలని ఎవరికీ తట్టలేదు.

పని చేసిపెట్టడానికి మల్లికార్జున్ వచ్చాడు. బషీరాబాద్ కుర్రవాడు, ఆ గల్లీకంతా నెట్ వైర్లు వేసింది అతనే. సంగతి విని తల గోక్కున్నాడు.

"సేటూ, గిది మంచిగుండదు. పెద్దపిల్ల. ఆమెకు చెప్పి చెయ్యరాదు?"

"చెప్పి చేసేదుంటే నిన్నెందుకు పిలుస్త?"

"మరి రూపేష్‌ది గూడ కలపాల్నా?"

"వానిది ఎందుకు? వాడు మగపిల్లగాడు."

మల్లికార్జున్ సంచి కింద పెట్టి కూర్చున్నాడు. నిఖిల స్నానానికి వెళ్లిన సమయంలో, సత్యమ్మ దేవుడి గదిలో ఉండగా, అలమారలోని ఫోను తీసి రామచందర్ ఫోనుతో కలిపాడు. చాయ్ తాగమన్నా ఆగకుండా వెళ్లిపోయాడు. నిఖిల ఎప్పటిలాగే ఫోను సంచిలో వేసుకుని రైలుకు వెళ్లింది. రామచందర్ దుకాణానికి వెళ్లి గద్దె మీద కూర్చుని, ఫోను తొడ మీద పెట్టుకుని ఎదురు చూడసాగాడు.

మొదట వచ్చినవన్నీ అతన్ని నిరాశపరిచాయి. ఎకనామిక్స్ నోట్సు, ఎవరికో జ్వరం, రైలు ఆలస్యం, గులాబీ పువ్వు మీద శుభోదయం. కూతురి రహస్యాలు ఇంత చప్పగా ఉంటాయని అతను అనుకోలేదు. ఫోను పక్కన పెట్టేసేవాడే, కాని అంతలో 'మల్లి' అన్న పేరు వెలిగింది. పేరు పక్కన మనిషి ఫొటో లేదు, గొర్రెపిల్ల ఫొటో ఉంది.

"మా నాయిన ఒప్పుకున్నడు. రేపు వస్తడు" అని వచ్చింది మల్లి వైపునుంచి.

"నిజంగనా? మస్తు కష్టపడ్డవు మల్లీ" అని నిఖిల జవాబు.

"మీ ఇంట్ల చెప్పినవా?"

"లేదు. చెప్తే నన్ను గూడ రానియ్యరు. అయినంక తెలిస్తే తెలుస్తది."

"సరే. రెండు దండలు చెప్పి పెట్టిన. ఒకటి నువ్వు వెయ్యాలె, ఒకటి నేను వేస్త."

"మరి సంతకాలు?"

"గవి గూడ రేపే. అమర్‌నాథ్ సారే దగ్గరుండి పెట్టిస్తడు. మంచి చీర కట్టుకొని రా. పదకొండింటికి కాలేజ్ హాల్ల."

రామచందర్‌కు చెవులు హోరెత్తాయి. ఎదురుగా ఉన్న రైతు ఇయ్యాల కందుల ధర ఎంతని అడిగితే, "రెండు దండలు" అన్నాడు. రైతు ఆ మాట అర్థంకాక ఇంకో దుకాణానికి పోయాడు.

మల్లి ఎవరు? కూతురి స్నేహితుల పేర్లు అతనికి ఒక్కటీ తెలియవు, ఎప్పుడూ అడగలేదు. తెలిసిన మల్లి ఒక్కడే. పొద్దున తన ఇంట్లో నిలబడి, గిది మంచిగుండదు సేటూ అన్నవాడు. ఎందుకు మంచిగుండదో ఇప్పుడు తెలిసింది. చాయ్ తాగకుండా ఎందుకు పారిపోయాడో కూడా తెలిసింది. రామచందర్ వెంటనే అతనికి ఫోను చేశాడు.

"మల్లికార్జున్, నీ సంగతి నాకు ఎర్కయింది."

"ఎర్కయిందా సేటూ? తప్పయింది. నేనే చెప్దామనుకున్న, ధైర్యం చాలలే."

"ఎప్పటిసంది నడుస్తుంది గిది?"

"దసరా సంది."

"మా ఇంట్లకెల్లేనా?"

"మీ మేడ మీదికెల్లి. ఎన్క దిక్కు. ఎవ్వరికి కనబడకుంట."

రామచందర్ గద్దె అంచు గట్టిగా పట్టుకున్నాడు. "మా ఇంట్ల ఇంకెవ్వరికి ఎర్క?"

"పెద్దమ్మకు ఎర్క. ఆమెనే కలుపుమన్నది. పిల్ల మంచిది, చదువుకుంటుంది, నీకు పుణ్యముంటది, కలుపు బిడ్డా అన్నది."

"కోసేస్త!" అని అరిచాడు రామచందర్.

"మీ ఇష్టం సేటూ. మీది మీరు కోసుకుంటనంటే నేనేమంట? కాని జర చూసి కొయ్యుండ్రి, గక్కడ వేరేటోళ్లయి గూడ ఉన్నయి" అని మల్లికార్జున్ ఫోను పెట్టేశాడు.

మల్లికార్జున్ చెప్పింది ఒక వైరు సంగతి. రామచందర్ ఇంటి వెనక రేకుల ఇంట్లో బుగ్గమ్మ అనే ముసలమ్మా, ఆమె మనవరాలు అనూషా ఉంటారు. అనూష నర్సింగు ప్రవేశ పరీక్షకు చదువుతోంది. ఇంట్లో నెట్ లేదు. సత్యమ్మ ఆ పిల్లను చూసి జాలిపడి, కొడుక్కు తెలియకుండా తమ కనెక్షన్ నుంచి మేడ మీదుగా ఒక వైరు లాగించింది. మల్లికార్జున్ దసరానుంచీ ఆ వైరుకు భయపడుతూనే ఉన్నాడు. మాట్లాడటం కాగానే ఫోను బంద్ చేసి, గొడవ చల్లబడేదాకా ఉండి వద్దామని బషీరాబాద్ బస్సెక్కాడు.

రామచందర్ ఇంటికి వచ్చేసరికి సత్యమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అమ్మా, మల్లికార్జున్ అంత చెప్పిండు. నువ్వే కలుపుమన్నవట?"

సత్యమ్మ చేతిలోని కాయ వదల్లేదు. "అవును, నేనే కలుపుమన్న. ఏమైతదిరా? పాపం, ఆడపిల్ల. నీ సొమ్మేం తరుగుతది?"

"నా ఇజ్జత్ తరుగుతదే!"

"గింతదానికి ఇజ్జత్ ఏంది?" అని ఆమె మళ్లీ కాయలు తుంచసాగింది.

తల్లితో మాట్లాడి లాభం లేదని రామచందర్ మేడెక్కాడు. పక్కగోడకు మల్లికార్జున్ బిగించిన ఇనుప డబ్బా ఉంది. అందులోకి తాళ్లలాగా నల్లటి వైర్లు వచ్చి పోతున్నాయి. ఏది ఎవరిదో చూసే ఓపిక అతనికి లేదు. అన్నిటికంటే లావుగా ఉన్నదాన్ని కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించాడు. గల్లీలో అన్ని ఇళ్లకూ నెట్ ఆ వైరులోంచే వెళ్తుంది.

కాసేపటికి గల్లీలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. చాలాకాలంగా పగటివేళ కనిపించని మగపిల్లలు కళ్లు చికిలిస్తూ బయటికి వచ్చారు. పక్కింటి వాళ్లు తమ ఎదురింటి అబ్బాయి ఇంత పొడుగయ్యాడా అని ఆశ్చర్యపోయారు. రూపేష్ గది తలుపు తీసి, "నానా, నెట్ పోయింది! గేమ్ మధ్యల ఉన్న!" అని ఏడుపు గొంతుతో అన్నాడు. గేమ్ అన్న మాట ఇంటివాళ్ల చెవిన పడటం అదే మొదటిసారి. ఆడపిల్లలు ఎవరూ రోడ్డు మీదికి రాలేదు. వెనక రేకుల ఇంట్లో అనూష మాత్రం, ఆగిపోయిన పాఠం ముందు కాసేపు కూర్చుని, పాత పుస్తకం ఒకటి తీసుకుని గుమ్మంలోకి వచ్చి చదువుకోసాగింది.

నెట్ బాగు చేయించాలని గల్లీవాళ్లు మల్లికార్జున్‌కు ఫోను చేశారు. ఫోను బంద్ ఉంది. ఊరికి పోయాడని ఎవరో చెప్పారు. అది విని రామచందర్‌కు ఇంకేమీ అనుమానం మిగల్లేదు. రేపు వస్తడన్న తండ్రిని తీసుకురావడానికే పోయాడు.

దుకాణానికి తిరిగిపోయి, మనసు ఆగక, హన్మయ్యకు చెప్పుకున్నాడు. ఎవరికీ చెప్పనని హన్మయ్య తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. దుకాణాలు కట్టేసే వేళకు అలాంటి ఒట్టు వేసినవాళ్లు గంజ్‌లో చాలామంది అయ్యారు.

"గిప్పుడు బిడ్డను అడిగితే ఏమన్న ఉన్నదా, అడగకు" అన్నాడు హన్మయ్య. "రేపు నా కారుల పోదాం. దండలు పడకముందే పట్టుకుందాం."

రామచందర్ అడిగే స్థితిలో లేడు. సాయంత్రం రైలు దిగి వచ్చిన నిఖిల ఎప్పటిలాగే ఫోను అలమారలో పెట్టి, నాయనమ్మకు చిక్కుడుకాయల కూర వండిపెట్టింది. తండ్రికి అన్నం వడ్డిస్తూ, "నానా, జర డల్‌గ ఉన్నవేంది? కందుల ధర పడిపోయిందా?" అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. అడిగితే అబద్ధం చెబుతుందేమోనని కాదు, నిజం చెబుతుందేమోనని భయపడ్డాడు. చెయ్యి కడుక్కుంటూ మాత్రం మనసులో ఒకటి తేల్చుకున్నాడు. రేపటితో ఈ చదువు బంద్.

తెల్లారి నిఖిల తల్లి బీరువాలోంచి ఆకుపచ్చ చీర తీసి కట్టుకుంది. "కాలేజ్‌ల ప్రోగ్రాం ఉన్నది" అని చెప్పి నాయనమ్మ కాళ్లు మొక్కింది. సత్యమ్మ చేతులెత్తి దీవించడం రామచందర్ వంటింటి గుమ్మంలోంచి చూశాడు. కూతురు రైలుకు వెళ్లగానే అతను హన్మయ్య కారెక్కాడు.

వికారాబాద్‌లో కాలేజీ గేటు దగ్గర ఒక నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె కట్టి, భుజాన గొంగడి వేసుకుని, లోపలికి పోవాలా వద్దా అన్నట్టు చూస్తున్నాడు. హన్మయ్య కారు దిగి పలకరించాడు.

"ఎవ్వలి తరఫున వచ్చినవు పెద్దమనిషీ?"

"మా మల్లి తరఫున. రాను అంటే ఇనలేదు, మల్లి పట్టుకు రాక తప్పలేదు" అని ఆ మనిషి సిగ్గుపడుతూ నవ్వాడు. "నా పేరు ఈరయ్య. గొర్లు కాస్త. మాది బంట్వారం."

"బషీరాబాద్ గాదా?" అన్నాడు రామచందర్.

"కాదు. తాతల సంది బంట్వారమే."

మల్లికార్జున్ ఊరు కూడా అబద్ధమే చెప్పాడన్నమాట. రామచందర్ ఒక అడుగు ముందుకు వేశాడు. "నిఖిల నా బిడ్డ" అన్నాడు.

ఈరయ్య ముఖం విప్పారింది. వెంటనే రెండు చేతులూ పట్టుకున్నాడు. "నిఖిల మీ బిడ్డనా! బంగారం అసొంటి పిల్ల. మొన్న మా ఇంటికి వచ్చింది. మా ఇంటామె రుక్కమ్మ చేసిన జొన్నరొట్టె కడుపునిండ తిన్నది. మా ఇంటి పిల్ల లెక్కనే కలిసిపోయింది."

"మీ ఇంటికి గూడ వచ్చిందా?"

"ఇగ వస్తనే ఉంటది గద" అన్నాడు ఈరయ్య సంతోషంగా.

"నువ్వెట్ల ఒప్పుకున్నవయ్యా?"

"ఒప్పుకోక ఏం జేస్త సేటూ? మా ఇల్లంత మల్లి చెప్పినట్లే నడుస్తది. నా ఫోను సుత మల్లి చేతులనే ఉంటది."

అప్పుడే లోపల చప్పట్లు మోగాయి. రామచందర్ చేతులు విడిపించుకుని హాలు వైపు పరుగెత్తాడు. వెనక హన్మయ్య, ఏమీ అర్థంకాకపోయినా ఈరయ్య కూడా పరుగెత్తారు. హాలు నిండా పిల్లలు. వేదిక మీద ఆకుపచ్చ చీరలో నిఖిల, చేతిలో బంతిపూల దండ. పక్కన పసుపు చీరలో ఇంకో అమ్మాయి, ఆమె చేతిలోనూ దండ.

"ఆపుండ్రి!" అని అరిచాడు రామచందర్. "ఎవ్వలు దండ ఎయ్యొద్దు!"

అందరూ వెనక్కి తిరిగారు. నిఖిల చేతిలోని దండ మెల్లగా కిందికి జారింది.

"నానా?"

కళ్లద్దాల మనిషి ఒకాయన వేదిక దిగి గబగబా వచ్చాడు. ఆయన అమర్‌నాథ్, పిల్లల లెక్చరర్. "మీరేనా నిఖిల నాన్నగారు? నమస్కారం! మీరు రారని నిఖిల చెప్పింది. దండలెందుకు అనే అంటున్నారు గదా, మర్యాదస్తులు. కాని పిల్లలు ప్రేమగా తెచ్చారు, కాదనకండి." అని రామచందర్ చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకుపోయాడు.

పసుపు చీర అమ్మాయి నమస్కారం పెట్టింది. "అంకుల్, నేను మల్లీశ్వరి. నిఖిల మల్లి అంటది. గాయన మా నాయిన."

రామచందర్ ఆ అమ్మాయినీ, ఈరయ్యనూ, తన కూతురినీ మార్చి మార్చి చూశాడు. దగ్గరున్న కుర్చీలో కూర్చున్నాడు. మల్లీశ్వరి తన దండ తండ్రి మెడలో వేసింది. రెండో దండ ప్రిన్సిపాల్ కోసం తెచ్చినది. ఆయన ఇంకా రాలేదు కాబట్టి నిఖిల దాన్ని రామచందర్ మెడలో వేసింది. సంతకాలంటే సర్టిఫికెట్ల మీద వచ్చిన పెద్దల సంతకాలు. హన్మయ్య ఇవేవీ వినలేదు. గుమ్మంలోంచే వేదిక మీద దండలు చూసి, ఫోను తీసి గంజ్‌కు, "దండలు పడ్డయి" అని కబురు చెప్పి, మిగతాది నోటితో చెప్పడానికి కారేసుకుని తాండూరుకు వెళ్లిపోయాడు.

ఆ రోజు సభ దేని గురించో వేదిక మీది గుడ్డ మీద రాసి ఉంది. ఏ ఇంట్లో పిల్లలు నెట్‌ను ఎలా వాడుతున్నారు, మగపిల్లలకూ ఆడపిల్లలకూ తేడా ఏముంది. నిఖిల, మల్లీశ్వరి కలిసి తోటి విద్యార్థులను అడిగి తెలుసుకున్నారు. ఇప్పుడు నిఖిల చెప్పాలి. మైకు ముందుకు వచ్చి తండ్రిని చూసి ఆగిపోయింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది. మల్లీశ్వరి వెనకనుంచి మెల్లగా, "చెప్పు" అంది.

"మేం అడిగిన ఇండ్లల్ల, దుకాణాలున్నోళ్ల ఇండ్లల్ల ఇద్దరికీ ఫోన్లున్నయి" అని మొదలుపెట్టింది నిఖిల. "పిల్లగానికి తలుపుంటది. పిల్లకు హాలుంటది. ఊర్లల్ల చానా ఇండ్లల్ల ఒక్కటే ఫోను. అది అన్నకో నాయినకో పోయినంక మిగిలితే పిల్లకు వస్తది. మల్లి వాళ్ల ఇంట్ల ఉల్టా. మేం ఆడపిల్లలను నెట్ ఎందుకు చూస్తరని అడిగినం. అందరు చదువుకే అన్నరు. నేను గూడ గట్లనే రాసిన. ఎందుకంటే వేరే జవాబు చెప్పుడు మాకు అలవాటు లేదు. కాని నాకు పాటలు వినుడు ఇష్టం. చూడని ఊర్ల ఫొటోలు ఊకెనే చూసుకుంట కూసునుడు ఇష్టం. మా తమ్ముడు గేమ్ ఆడుతడు. వానికి అది తప్పనిపియ్యదు. నాకు పాట విన్నా తప్పు చేసినట్టనిపిస్తది."

ఆడపిల్లల వైపునుంచి చప్పట్లు మొదలై హాలంతా పాకాయి. రామచందర్ దండలోని బంతిపూల వైపు చూస్తూ కూర్చున్నాడు.

తరువాత పెద్దలు మాట్లాడాలి. ఈరయ్య మైకు దగ్గరికి వచ్చి దానికి దండం పెట్టాడు. "నాకు చదువు రాదు సారు. ఫోను నేనే కొన్న. కొన్నప్పటిసంది మల్లి చేతులనే ఉన్నది. నాకు కుస్తీ పోటీలు చూసుడు మస్తు ఇష్టం. అడిగితే, చదువుకుంటున్న నాయినా, చార్జింగ్ లేదు నాయినా అంటది. మీరందరు పెద్దోళ్లున్నరు. నాకు సుత పొద్దుకు ఒక్కపారి ఫోను ఇప్పియ్యుండ్రి." పిల్లలు పగలబడి నవ్వారు. మల్లీశ్వరి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

రామచందర్ వంతు వచ్చింది. ఏదో ఒకటి చెప్పి దిగిపోదామని లేచాడు. "నమస్తే. మా ఇంట్ల గట్లాంటి ఫరక్ ఏం లేదు. కొడుకైనా బిడ్డైనా నాకు ఒక్కటే లెక్క..."

బల్ల మీదున్న నిఖిల ఫోను టింగుమంది. అదే క్షణంలో రామచందర్ జేబులోనూ టింగుమంది.

"...ఇద్దరికీ ఒకటే తీరు స్వేచ్ఛ..."

మళ్లీ రెండూ కలిసి మోగాయి. క్లాసు గ్రూపులో ఎవరో మాట్లాడుకుంటున్నారు. ముందు వరుసలోని అమ్మాయిలు బల్ల వైపూ జేబు వైపూ చూశారు. వెనకనుంచి ఎవరికో అనుమానం వచ్చి, గ్రూపులో 'నిఖిల నానకు నమస్తే' అని పంపారు. టింగ్, టింగ్.

"సేటు ఫోన్ గూడ అచ్చం నిఖిల ఫోన్ లెక్కనే మోగుతుంది" అన్నాడు ఈరయ్య మెచ్చుకోలుగా.

నిఖిల తన ఫోను చూసింది. తండ్రి జేబు చూసింది. తరువాత తండ్రి ముఖం చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. రామచందర్ మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఫరక్ లేదని చెప్పిన" అన్నాడు. "ఉన్నది. మా ఇంట్ల ఉన్నది." అంతే చెప్పి, కుర్చీలో కూర్చోకుండా వేదిక దిగిపోయాడు.

హన్మయ్య కారు లేకపోవడంతో తండ్రీకూతుళ్లు మధ్యాహ్నం రైల్లో తాండూరుకు బయలుదేరారు. కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నారు. చాలాసేపటిదాకా నిఖిల బయటికే చూసింది.

"ఏమేం చదివినవు నానా?" అని చివరికి అడిగింది.

"అన్ని."

"ఏమనుకున్నవు?"

రామచందర్ చెప్పాడు. మల్లి, మల్లికార్జున్, దండలు, సంతకాలు, ఈరయ్యతో గేటు దగ్గర మాట్లాడింది, ఏదీ దాచలేదు. నిఖిల కోపంగా ఉందామనే చూసింది. కాని కందుల ధర రెండు దండలన్న దగ్గర ఆమె పెదవులు వణికాయి, జొన్నరొట్టె దగ్గరికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వాక మళ్లీ ఏడ్చింది.

"నన్ను అడిగితే అయిపోతుండె గద."

"అడగాల్సింది బిడ్డా."

అతను ఫోను తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె తన వాట్సాప్‌ను అందులోంచి తీసేసి, ఇంకేమీ ముట్టుకోకుండా తిరిగి ఇచ్చింది.

"ఇగ నేను కాలేజ్‌కు పోవాల్నా, వద్దా?" అంది కిటికీ వైపు చూస్తూనే.

"రేపు పొద్దటి బండికి పోతవా, ఎన్క బండికా? మీ అమ్మ లేదు, చాయ్ నేనే పెట్టాలె గద. చెప్తే గా టైముకు లేస్త."

నిఖిల తండ్రి వైపు తిరిగింది. "పొద్దటి బండికే" అంది.

గల్లీ మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జీపు ఆగి ఉంది, చుట్టూ జనం. నెట్ కోసం వచ్చిన గల్లీవాళ్లు కొందరు, ఒట్టు వేసిన గంజ్‌వాళ్లు కొందరు. గుమ్మం ముందు కుర్చీల్లో తలపాగాలు చుట్టుకున్న ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ల వెనక మల్లికార్జున్ నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. సత్యమ్మ అందరికీ మంచినీళ్లిస్తోంది.

"సేటూ, వైరు నేను తీసేస్త" అన్నాడు మల్లికార్జున్ ముందుగా. "అనూష చదువుకని పెద్దమ్మ అడిగితే కలిపిన. నా తప్పే."

అంతా విని రామచందర్ తల్లి వైపు చూశాడు. సత్యమ్మ, "నిన్ననే చెప్పిన గదరా, నీ సొమ్మేం తరుగుతదని" అంది.

"తియ్యకు. గది గట్లనే ఉండనియ్యి" అన్నాడు రామచందర్. "లావు వైరు నేను కోసిన. అది గూడ అతికియ్యి. ఇంకోటి, డబ్బా రూపేష్ గదిలకెల్లి తీసి హాల్ల పెట్టు." కిటికీలోంచి వింటున్న రూపేష్ ముఖం చిన్నబోయింది.

అంతటితో అయిపోయిందని రామచందర్ లోపలికి పోబోయాడు. కాని కుర్చీలోని పెద్దాయన లేచి గొంతు సవరించుకున్నాడు. ఆయన మల్లికార్జున్ తండ్రి ఈశ్వరప్ప. ఆయన తెలుగులో కన్నడం కలిసి వస్తుంది.

"వైరు మాట సరే సేటూ. నేను వచ్చింది వేరే మాటకు. మా హుడుగన్ని, గీ పిల్లగాన్ని, నువ్వు ఫోనుల బెదిరిచ్చినవంట. వాడు ఊరికి వచ్చేసినంక, వాని పేరు మీద దండలు గూడ తెప్పిచ్చినవంట. తాండూరు అంత అదే మాట. నోడు, చూడు సేటూ, నీ బిడ్డ మంచిదే, చదువుకున్నది. మాకేం వంక లేదు. కాని వానికి మా దిక్కు పిల్లను చూసుకున్నం. నువ్వెంత బలవంతం చేసినా గాదు."

"నేను... నేనెప్పుడు అడిగిన?" అన్నాడు రామచందర్.

"అది గూడ అట్లుంచు" అన్నాడు ఈశ్వరప్ప, మెత్తగా, అతని భుజం మీద చెయ్యి వేసి. "పిల్లను చూస్తే ఒప్పుకోబుద్ధయితది. పిల్ల తండ్రికే కోపమెక్కువని అందరంటున్నరు. వియ్యంకుడంటే జర నెమ్మదైనోడుండాలె."

నిఖిల గబుక్కున ఇంట్లోకి వెళ్లిపోయింది. లోపలినుంచి ఆమె నవ్వు వినిపించింది. ఆ తరువాత, ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ విననంత గట్టిగా, ఏదో పాట మొదలైంది. రామచందర్ పెద్దమనుషులకు చాయ్ ఇప్పించి, జీపుదాకా సాగనంపాడు.

తాను అడగని సంబంధం చేయి జారిపోయినందుకు, ఆ సాయంత్రం గంజ్‌లో అతన్ని చాలామంది ఓదార్చారు.